బాలానగర్ నుంచి జీనోమ్ వ్యాలీ దాకా

హైదరాబాద్ మందుల పరిశ్రమకు అసలు పునాది బాలానగర్‌లో పడింది. కేంద్ర ప్రభుత్వం 1961లో నెలకొల్పిన మందుల తయారీ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ యూనియన్ సాంకేతిక సాయంతో మూడు కర్మాగారాలు కట్టింది. రిషికేశ్‌కు యాంటీబయాటిక్స్, మద్రాసుకు శస్త్రచికిత్స పరికరాలు దక్కగా, రసాయన ప్రక్రియలతో తయారయ్యే మందులు హైదరాబాద్‌లోని బాలానగర్ వాటాకు వచ్చాయి. ఈ పంపకం నగరానికి కలిసొచ్చింది. ఆ ప్రక్రియలు ఒంటబట్టిన కెమిస్టు ఒక్క మందు దగ్గరే ఆగనక్కర్లేదు. అదే అనుభవంతో, దాదాపు అవే యంత్రాలతో మరో మందు చేయగలడు.

అయితే చట్టం దారి ఇవ్వాలి. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చాక మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంటు మిగిలింది. అదే మందును వేరే పద్ధతిలో చేయడం నేరం కాకుండా పోయింది. అలాంటి పద్ధతులు రూపొందించడంలో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల, అంటే ఇప్పటి ఐఐసీటీ, కంపెనీలకు తోడ్పడింది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ స్థాపించారు. అదే బాట పట్టిన మరికొందరు సొంత యూనిట్లు పెట్టుకున్నారు. ఐడీపీఎల్ మాత్రం నష్టాల్లో కూరుకుపోయి 1992లో ఖాయిలా సంస్థగా తేలింది. అప్పటికే దాని విద్య ఊరంతా పాకింది.

జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో బల్క్ డ్రగ్ (ముడిమందు) యూనిట్లు పెరిగాయి. బొల్లారం, పటాన్‌చెరు యూనిట్ల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, దాని వెంబడి పొలాలనూ బావులనూ పాడుచేశాయి. 1990లో ఈ వివాదం సుప్రీంకోర్టుకెక్కింది.

ముడిమందు అమ్మకం నుంచి మాత్రలు, క్యాప్సూళ్ల తయారీకి, అక్కడి నుంచి అమెరికా జెనరిక్ మార్కెట్‌కు కంపెనీలు మెట్టుమెట్టుగా ఎదిగాయి. 2001లో ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లకు డాక్టర్ రెడ్డీస్ అమెరికాలో 180 రోజుల ప్రత్యేక విక్రయ హక్కు సాధించింది. 2005లో మన దేశంలో మందులకే పేటెంటు ఇచ్చే విధానం తిరిగి వచ్చేనాటికి ఎగుమతుల పునాది గట్టిపడింది.

టీకాలది వేరే దారి. వాటికి రసాయనశాస్త్రం చాలదు, జీవశాస్త్రం కావాలి. 1977లో ఏర్పడిన ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆ లోటు తీర్చింది. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ అక్కడి ప్రయోగశాల వసతులు వాడుకుని, 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. 1996లో భారత్ బయోటెక్, 1999లో శామీర్‌పేట దగ్గర బయోటెక్ పారిశ్రామికవాడ జీనోమ్ వ్యాలీ వచ్చాయి. మందు నుంచి మందుకు మారడానికి ఉన్న నైపుణ్యమే సరిపోయింది. మందు నుంచి టీకాకు మారడానికి మరో ప్రభుత్వ పరిశోధన సంస్థ అవసరమైంది.