యానాం విమోచన దినం జూన్ 13

గౌతమి గట్టు, ఈఫిల్ టవర్ తరహాలో కట్టిన టవర్, 1846 నాటి కాథలిక్ చర్చి, మంగళవారం సంత: యానాం గురించి రాసేవారు వీటి దగ్గరే ఆగిపోతారు. చరిత్రకు వచ్చేసరికి 1723లో ఫ్రెంచివారు వర్తక స్థావరం పెట్టారనీ, 1954 నవంబర్ 1న అప్పగించి వెళ్లారనీ రెండు ముక్కలతో సరిపెడతారు. పుదుచ్చేరి ప్రభుత్వం విమోచన దినంగా జరిపేదీ ఆ నవంబర్ 1నే. పుదుచ్చేరికి ఆ తేదీ సరైనదే కావచ్చు. యానాంలో ఫ్రెంచి పాలన కూలింది మాత్రం 1954 జూన్ 13న. భారత్‌లో విలీనం కోరినవారు ఆ రోజు ఊరిని స్వాధీనం చేసుకున్నాక ఫ్రెంచి అధికారం మళ్లీ ఇక్కడ కాలు మోపలేదు. మరో ఫ్రెంచి స్థావరమైన మాహే నుంచి వారు వెళ్లిపోయింది ఆ తరువాత, జూలై 16న. కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమై 170 ఓట్లతో విలీనాన్ని ఆమోదించింది అక్టోబర్ 18న. తీరిపోయిన పనికి నవంబర్‌లో లాంఛనంగా అప్పగింత జరిగితే, విమోచన ఆ అప్పగింతతోనే వచ్చిందనడం ఏం న్యాయం?

జూన్ 13 నాటిది బయటివారు వచ్చి చేసిన దాడి అనే అభ్యంతరం ఒకటుంది. తరలివచ్చిన వారు సరిహద్దు దాటి వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు ముందు నిలిచిన దడాల రఫేల్ రమణయ్య మా యానాం ఫరంపేట బిడ్డ, ఫ్రెంచి పోలీసుశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఆయన రాసుకున్న పుస్తకం స్వీయచరిత్ర కాబట్టి అందులోని ప్రతి మాటనూ సరిచూసుకునే నమ్మమందాం. ఆయన పుట్టిన పేటనూ, జూన్ 13 తేదీనీ మాత్రం ఎవరూ కాదనలేరు. పైగా అప్పట్లో చుట్టూ తూర్పుగోదావరి జిల్లా ఉన్న ఈ ఊళ్లో విలీనం కోరినవారు తలదాచుకోవాలంటే సరిహద్దు దాటక మరెక్కడికి పోతారు? ఆ గీత చట్టాలను వేరుచేసిందే గాని చుట్టరికాలను ఏనాడూ వేరుచేయలేదు. 1930లో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు గోదావరి జిల్లాలవాళ్లు ఆ పెళ్లిళ్లు చేయడానికి ఇక్కడికే తరలివచ్చారు, యానాంకి కల్యాణపురమనే పేరు తెచ్చారు. అది మెచ్చుకోదగ్గ చరిత్ర కాదు. అయినా ఆ పెళ్లివారిని బయటివారని ఎవరూ అనలేదు. ఇరవై నాలుగేళ్ల తరువాత అదే దారిన వచ్చిన ఉద్యమకారులను అనడం అన్యాయం.

చట్టం మాటకొస్తే 1962 ఆగస్టు 16 ఉంది. 1956 మే 28 నాటి భారత్-ఫ్రాన్స్ ఒప్పందం ఆనాడే అమల్లోకి వచ్చింది, ఫ్రెంచి పౌరసత్వం కోరుకునేవారికి ఆరు నెలల గడువు దొరికింది. ఆ కుటుంబాలకు ఆ తేదీ విలువైనదే, దానిని తీసేయమని ఎవరూ అనరు. అయితే అది హక్కుపత్రాలు చేతులు మారిన రోజు. ఎనిమిదేళ్ల ముందే పోయిన పాలన ఆ రోజు పోయిందనడం కుదరదు. కనుక యానాం పాఠశాలల్లో చెప్పే ఊరి చరిత్రలోనూ, టవర్ చూడవచ్చేవారికి పెట్టే ఫలకంలోనూ జూన్ 13 ముందుండాలి. నవంబర్ 1, ఆగస్టు 16 దాని వెనుక, జరిగిన వరుసలోనే రావాలి.