రక్తం తిరిగివచ్చిన వేళ: కండర రక్షణలో మొక్కల యాంటీఆక్సిడెంట్ల చరిత్ర

సారాంశం

కండరానికి ఆగిపోయిన రక్తప్రసరణను పునరుద్ధరించినప్పుడు కలిగే హానిని మొక్కల నుంచి లభించే యాంటీఆక్సిడెంట్లు అరికట్టగలవన్న భావన ఎలా రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1936 నుంచి ఈ పదార్థాలను శాస్త్రజ్ఞులు మూడు విధాలుగా అర్థం చేసుకున్నారు: మొదట విటమిన్లుగా, తరవాత స్వేచ్ఛా రాడికల్స్‌ను హరించేవిగా, ఆపైన కణానికి సంకేతాలుగా. ప్రయోగశాలలో ఫలించినవి చికిత్సగా ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్నకు జవాబును పదార్థపు శక్తిలో కన్నా అది కండరానికి అందే సమయంలోనూ మోతాదులోనూ వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పునఃప్రసరణ హాని, అస్థి కండరం, స్వేచ్ఛా రాడికల్స్, ఫ్లేవనాయిడ్లు, కర్క్యుమిన్, రెజ్వెరట్రాల్.

1. ఉపోద్ఘాతం

రక్తం అందని కండరం చనిపోతుందన్న విషయం వైద్యులకు ఎంతోకాలంగా తెలుసు. రక్తం తిరిగి అందడమే మరొక హానికి కారణం కావచ్చన్న అవగాహన మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే స్థిరపడింది. దీనినే పునఃప్రసరణ హాని అంటారు. తెగిన చేతిని అతికించినప్పుడు, ధమనిలోని రక్తపుగడ్డను తొలగించినప్పుడు, శస్త్రచికిత్స కోసం కాలికి బిగించిన టూర్నికెట్‌ను విప్పినప్పుడు, శిథిలాల కింద చిక్కిన మనిషిని వెలికితీసినప్పుడు ఈ ప్రమాదం ఎదురవుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో అస్థి కండరం రక్తలేమిని తట్టుకోగలిగేది సుమారు 4 నుంచి 6 గంటలు మాత్రమే.

ఈ హానిని అర్థం చేసుకోవడానికి కావలసిన జీవరసాయన పునాదిలో ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించి 1927లో ప్రకటించారు. 1929లో వారు ఏటీపీని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఆ పదార్థాన్నే కనుగొన్నారు. రక్తం ఆగిన కండరంలో ముందుగా తరిగేది ఫాస్ఫోక్రియాటిన్, ఆ వెనుక ఏటీపీ. ఆ తరుగుదల తరవాత ఏమి జరుగుతుందన్నదే తరవాతి అరవై ఏళ్ల పరిశోధనకు కేంద్రమైంది.

2. శిథిలాల కింద తొలి ఆధారాలు

1941లో లండన్‌పై జర్మన్ బాంబుదాడులు సాగుతున్న రోజుల్లో ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నలుగురు రోగుల ఉదంతాలను ప్రచురించారు. గంటల తరబడి శిథిలాల కింద నలిగిన ఆ రోగులు ఆసుపత్రికి చేరేనాటికి కొంత నిలకడగానే కనిపించారు. అనంతరం నలిగిన అవయవం వాచింది, రక్తపోటు పడిపోయింది, మూత్రపిండాలు విఫలమయ్యాయి. దెబ్బతిన్న కండరం నుంచి వెలువడిన మయోగ్లోబిన్‌కు మూత్రపిండాల వైఫల్యంతో సంబంధం ఉందని తదుపరి పరిశోధన తేల్చింది. జపాన్ వైద్యుడు సెయిగో మినామి 1923లోనే ఇటువంటి మరణాలను వర్ణించినా, ఈ స్థితికి విస్తృతమైన గుర్తింపు లభించింది లండన్ అనుభవంతోనే.

1960లో రాబర్ట్ జెన్నింగ్స్ బృందం కుక్కల గుండె కండరంపై చేసిన పరిశీలన ఈ సమస్యకు మరో కోణం చేర్చింది. రక్తం తిరిగి అందిన కండరంలో 30 నుంచి 60 నిమిషాలకే కనిపించిన మార్పులు, రక్తనాళాన్ని శాశ్వతంగా మూసినప్పుడు 24 గంటలకు కనిపించే మార్పులతో సమానంగా ఉన్నాయి. ఇక్కడి నుంచి కాలం ఈ చరిత్రలో ప్రధానాంశమైంది.

3. ఆక్సిజనే కారకమన్న సిద్ధాంతం

1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైమ్ పనిని వెల్లడించారు. 1981లో గ్రేంజర్, రుటిలి, మెకార్డ్ పిల్లుల పేగులపై చేసిన ప్రయోగాల్లో పునఃప్రసరణ హానికి సూపర్ఆక్సైడ్‌తో సంబంధాన్ని చూపారు. ఏటీపీ విచ్ఛిన్నమైతే హైపోజాంథిన్ పోగవుతుంది. రక్తంతో ఆక్సిజన్ తిరిగి రాగానే జాంథిన్ ఆక్సిడేజ్ దానిని ఉపయోగించుకొని రాడికల్స్‌ను సృష్టిస్తుంది. 1985లో కోర్థుయిస్ బృందం ఈ సిద్ధాంతాన్ని కుక్కల అస్థి కండరంలో పరీక్షించింది. 4 గంటల రక్తలేమి తరవాత రక్తనాళాల గోడలు ద్రవాన్ని ఎక్కువగా జార్చాయి. రాడికల్స్‌ను అదుపుచేసే పదార్థాలు ఇచ్చినప్పుడు ఆ జార్పు తగ్గింది.

అయితే మానవ అస్థి కండరంలో జాంథిన్ ఆక్సిడేజ్ స్వల్పం. అందువల్ల తెల్లరక్తకణాల పైనా మైటోకాండ్రియాల పైనా పరిశోధకుల దృష్టి మళ్లింది. రక్తలేమిలో పోగైన సక్సినేట్ పునఃప్రసరణ తొలి నిమిషాల్లోనే మైటోకాండ్రియాలలో రాడికల్స్ వెల్లువకు దారితీస్తుందని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

4. మొక్కల పదార్థాల ప్రవేశం

ఈ చరిత్రలోకి మొక్కల పదార్థాలు ‘యాంటీఆక్సిడెంట్’ అన్న పేరుతో రాలేదు. 1936లో రుస్న్యాక్, సెంట్-జ్యోర్జి నిమ్మజాతి ఫలాలలోని ఫ్లేవనాయిడ్లు సూక్ష్మ రక్తనాళాల జార్పును తగ్గిస్తాయని చెప్పి, వాటికి ‘విటమిన్ పి’ అని పేరుపెట్టారు. లోపవ్యాధి నిరూపణ కానందున 1950లో అమెరికన్ శాస్త్ర సంఘాలు ఆ పేరును విడిచిపెట్టమని సిఫారసు చేశాయి. దాదాపు అర్ధశతాబ్దం తరవాత కోర్థుయిస్ బృందం కొలిచిన లక్షణం కూడా ఈ రక్తనాళాల జార్పే కావడం గమనార్హం.

రాడికల్ సిద్ధాంతం బలపడ్డాక క్వెర్సెటిన్, పసుపులోని కర్క్యుమిన్, ద్రాక్షలోని రెజ్వెరట్రాల్, తేయాకులోని కాటెకిన్లు రాడికల్ హారిణులుగా కొత్త గుర్తింపు పొందాయి. 1992లో సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ ఫ్రెంచివారి వైన్ సేవనం, గుండెజబ్బుల గురించి లాన్సెట్‌లో రాసిన వ్యాసం ఈ ఆసక్తిని ప్రయోగశాలల వెలుపలికి తీసుకెళ్లింది.

మూడో అర్థానికి కూడా 1992లోనే బీజం పడింది. పాల్ తలాలే బృందం బ్రోకలీ నుంచి వేరుచేసిన సల్ఫోరాఫేన్ స్వయంగా రాడికల్స్‌ను హరించదు, కణం తన రక్షక ఎంజైములను పెంచుకొనేలా ప్రేరేపిస్తుంది. 1997లో జపాన్ పరిశోధకులు ఈ స్పందనలో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ పాత్రను నిరూపించారు. రక్తంలో ఫ్లేవనాయిడ్లు చేరుకొనే గాఢత సాధారణంగా మైక్రోమోలార్ స్థాయి దాటదు, కణంలోని గ్లుటాథయోన్ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. ఇంత వ్యత్యాసం ఉన్నప్పుడు నేరుగా హరించడం కన్నా సంకేతమివ్వడమే ఈ పదార్థాల పనిగా భావించడం సమంజసం.

5. ప్రయోగశాలకూ రోగికీ మధ్య

1994లో గుండెపోటు రోగులకు రక్తనాళాన్ని తెరిచే సమయంలో సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను ఇచ్చి చూశారు, గుండె పనితీరు మెరుగుపడలేదు. రాడికల్‌ను అంత సమర్థంగా తొలగించే ఎంజైమే విఫలమైతే, మొక్కల పదార్థాలపై పెట్టుకున్న ఆశను కూడా మళ్లీ పరీక్షించవలసి వచ్చింది. కర్క్యుమిన్ విషయంలో మరో అవరోధం ఎదురైంది. అది పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాలలోని పైపరిన్‌ను జోడించి ఆ లభ్యతను మనుషులలో 20 రెట్లు పెంచగలిగారు. అయినా 2017లో వెలువడిన ఒక రసాయన సమీక్ష, కర్క్యుమిన్‌పై జరిగిన ద్వంద్వగుప్త నియంత్రిత పరీక్షలలో ఏదీ విజయం సాధించలేదని పేర్కొన్నది.

కొలమానాలు, దత్తాంశాలు కూడా ప్రశ్నకు గురయ్యాయి. పరీక్షనాళికలో కొలిచిన యాంటీఆక్సిడెంట్ విలువలు శరీరంలోని ఫలితాన్ని సూచించవని చెబుతూ అమెరికా వ్యవసాయశాఖ 2012లో తన పట్టికను ఉపసంహరించుకున్నది. అదే ఏడాది కనెక్టికట్ విశ్వవిద్యాలయం, రెజ్వెరట్రాల్‌తో గుండె రక్షణపై పనిచేసిన తమ పరిశోధకుడి రచనల్లో 145 దత్తాంశ అక్రమాలను గుర్తించినట్లు ప్రకటించింది.

వీటన్నిటికన్నా మౌలికమైన చిక్కు సమయానిది. జంతు ప్రయోగాల్లో పదార్థాన్ని తరచుగా రక్తం ఆపకముందే ఇస్తారు. సంకేత మార్గంలో రక్షక ఎంజైములు తయారు కావడానికి గంటలు పడుతుంది, రాడికల్స్ వెల్లువ మాత్రం తొలి నిమిషాల్లోనే వస్తుంది. టూర్నికెట్‌తో చేసే ముందస్తు శస్త్రచికిత్సకు రోగిని సిద్ధం చేయవచ్చు. భూకంప బాధితుడికి ఆ వ్యవధి దొరకదు. అతడిని వెలికితీయకముందే సిరలోకి ద్రవాలు ఎక్కించడం నేటికీ ప్రధానమైన రక్షణ.

6. ముగింపు

విటమిన్, హారిణి, సంకేతం అన్న మూడు అర్థాలలో ప్రతిదీ అంతకుముందున్న దానిని సరిదిద్దుతూ వచ్చింది. 1941లో లండన్ వైద్యులను కలవరపెట్టిన సమస్యకు మొక్కల యాంటీఆక్సిడెంట్లు ఇంకా ఆమోదిత చికిత్సను అందించలేదు. అయితే ఏ పదార్థం ఎంత శక్తిమంతమైనదన్న ప్రశ్నను అది కండరానికి ఎప్పుడు, ఎంత గాఢతతో చేరుతుందన్న ప్రశ్నగా ఈ చరిత్ర మార్చింది. ఒక మొక్క సారంలో యాంటీఆక్సిడెంట్ విలువను కొలిచి, అక్కడి నుంచి నేరుగా కండర రక్షణను నిర్ధారించే పరిశోధన ఈ రెండో ప్రశ్నకు కూడా సమాధానం చెప్పవలసి ఉంటుంది.