మురుగునీటికి ఊపిరి: ఒక చిన్న చరిత్ర

ప్రత్యేక సంచికకు మన వృత్తి గురించి నాలుగు ముక్కలు రాయమని కార్యదర్శిగారు కోరారు. ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖలో పనిచేసిన మిత్రులకు ట్రిక్లింగ్ ఫిల్టరు పరిచితమే. పేరుకు ఫిల్టరే గాని అది జల్లెడ కాదు. రాళ్ళకు పట్టిన జిగురు పొరలోని సూక్ష్మజీవులు మురుగును తినివేస్తాయి. వాటికి ప్రాణవాయువు కావాలి.

అమెరికాలో 1887లో ప్రారంభమైన లారెన్స్ ప్రయోగశాల ఈ సంగతిని స్పష్టం చేసింది. ఇంగ్లండులో వాడిన కాంటాక్టు బెడ్లను నింపి, ఖాళీ చేసి, గాలి సోకేందుకు విశ్రాంతి ఇవ్వవలసి వచ్చేది. 1893లో సాల్ఫర్డులో జోసెఫ్ కార్బెట్ నీటిని రాళ్ళపై చిలకరించారు. నీరు పలుచగా జారితే సందుల్లో గాలి ఆడుతూనే ఉంటుంది. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్‌లు రాళ్ళు లేకుండా గాలి ఊదే పద్ధతిని ప్రకటించారు. వారికి దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో మన పొరుగునున్న బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు ఆచార్యులుగా వచ్చారు.

ప్రాణవాయువు పొరలోకి చొచ్చుకుపోయేది మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులే. పొర మందమైతే లోపలి భాగం ఊపిరాడక కుళ్ళి, రాయిని వదిలేస్తుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద కరిగేది 7.5 మాత్రమే. సూక్ష్మజీవుల ఆకలి మాత్రం వేడికి పెరుగుతుంది. మన చిత్తూరు, తిరుపతి ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

ఫిల్టరులో గాలి కదిలేది లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా వల్ల. రెండూ సమానమైన వేళ కదలిక ఆగిపోతుంది. గాలికి దారి ఉండాలనే అడుగు డ్రెయిన్లు సగానికి మించి నిండరాదని నియమం. పైన నీరు నిలిచిందని కబురొస్తే, రాళ్ళ సందులతోపాటు కింద డ్రెయిన్ల మూతులు కూడా నేను చూసేవాణ్ణి.

మరొక సంగతి. 1912లో బ్రిటిష్ రాయల్ కమిషన్ నిర్ణయించిన ప్రమాణం, శుద్ధిచేసిన నీరు కనీసం ఎనిమిది రెట్ల నదీజలంలో కలుస్తుందన్న లెక్కపై ఆధారపడింది. మన స్వర్ణముఖి, నీవా ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. అక్కడ వదిలిన మురుగును పలుచన చేసే నీరుండదు. అది ఇసుకలో ఇంకి బావులకు చేరుతుంది. కాబట్టి శుద్ధి కేంద్రంలో జరగవలసిన పని అక్కడే పూర్తికావాలి. బ్లోయర్లు ఉన్నచోట కరెంటు, రాళ్ళున్నచోట గాలి దారి ఆగకూడదు. కొత్తగా చేరిన ఇంజనీర్లు రోజూ ముందుగా ఇది చూసుకోవాలని ఈ విశ్రాంత ఉద్యోగి మనవి.