కోడిని కోసే వయసు

పెరటి కోడిని ఎప్పుడు కోయాలి? ఈ ప్రశ్నకు మన పల్లెలలో పుస్తకం చూడకుండానే జవాబు చెబుతారు. పొదిగిన పిల్లలలో ఇంచుమించు సగం పుంజులు. పది పెట్టలకు ఒక పుంజు చాలును. మిగిలినవి కూత నేర్చే వేళకు, అనగా నాలుగైదు నెలలకు, పండుగకో చుట్టాలకో కూర అవుతాయి. పెట్ట మాత్రం గుడ్లు పెట్టినంతకాలం బ్రతుకుతుంది.

ఈ లెక్క పాతదే గాని మొదటినుంచీ ఉన్నది కాదు. థాయిలాండులో బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన క్రీ. పూ. 1650-1250 నాటి ఎముకలే పెంపుడు కోళ్ళ ఎముకలలో అతి ప్రాచీనమైనవని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే ఆనాటి మానవుడు కోడిని మాంసానికే పెంచాడా? ఎముకను చూచి కోడి వయసు చెప్పగలిగితే దీనికి సమాధానం దొరుకుతుంది. కోడిపిల్ల ఎముకల కొనలు మెత్తని మృదులాస్థిగా ఉండి, కొన్ని నెలలలో గట్టిపడతాయి; ఆ తరువాత ఏడాది కోడికీ నాలుగేళ్ళ కోడికీ తేడా కనబడదు. ఈ చిక్కును పుంజు కాలి ముల్లు విడదీసింది. ముల్లు ఏటేటా పెరుగుతుంది గదా! వయసు తెలిసిన కోళ్ళ ముళ్ళతో పోల్చి బ్రిటనులో తవ్వి తీసిన ప్రాచీన ఎముకలను కొలువగా, సగానికి పైగా రెండేళ్ళు దాటిన కోళ్ళవని 2021లో తేలింది. కూరకోసం పెంచే పుంజును ఎవరూ అన్నాళ్ళు మేపరు. బ్రిటను ప్రజలు కోడిని తినుట పాపమని ఎంచి, సరదాకు పెంచుకొంటారని జూలియస్ సీజరు వ్రాసిన మాటకు ఈ ముళ్ళు సాక్ష్యం పలికినవి. మాంసానికే విరివిగా కోళ్ళను పెంచిన తొలి జాడ ఇజ్రాయెలులోని మారేషాలో, క్రీ. పూ. నాలుగు-రెండు శతాబ్దాల నడుమ కనిపిస్తుంది. అక్కడి ఎముకలమీద కత్తిగాట్లు ఉన్నాయి. పైగా పుంజులకన్న పెట్టల ఎముకలే ఎక్కువ. పందెపు కోళ్ళైతే ఇలా ఉండదు.

కోసే పద్ధతిలో మాత్రం పెద్ద మార్పు లేదు. ముందురాత్రి గింజలు వేయక నీళ్ళు మాత్రమే పెడితే మెడ కింది తిత్తి, పేగులు ఖాళీ అయి మాంసానికి మలినం అంటదు. కోడిని తరిమి పట్టరాదు. పెనుగులాడితే కండరాలలోని గ్లైకోజెన్ వేగంగా లాక్టిక్ ఆమ్లంగా మారి, చచ్చిన వెంటనే కండ బిగుసుకొంటుంది. పదునైన కత్తితో మెడకు రెండు ప్రక్కల ఉన్న రక్తనాళాలను ఒక్క వేటున తెగగోసి, తలక్రిందులుగా పట్టుకొంటే ఒకటి రెండు నిమిషాలలో నెత్తురు జారిపోతుంది. సుమారు అరువది డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో ముంచితే ఈకలు పట్టు వదులుతాయి. సలసల కాగే నీరైతే చర్మమే ఊడివస్తుంది. పేగులు తీసేటప్పుడు పిత్తాశయం చితికితే కూరంతా చేదే. బిగుసుకొన్న కండ సడలడానికి కొన్ని గంటలు పడుతుంది. చల్లని పెట్టెలు లేని రోజులలో మన పల్లెలలో బిగుసుకొనక ముందే పొయ్యిమీదికి ఎక్కించడం తెలివైన పనే. ముసలి పెట్టలో కొల్లాజెన్ పోగుల నడుమ బంధాలు బలపడి ఉంటాయి గనుక అది జెలటిన్‌గా కరిగేవరకు గంటల తరబడి ఉడకవలసిందే.

అమెరికాలో డెలావేరు రాష్ట్రంలో సిసిల్ స్టీల్ అనే గృహిణి 1923లో గుడ్లకోసం 50 పిల్లలు కావాలని వ్రాయగా పొరపాటున 500 వచ్చినవి. ఆమె వాటిని త్రిప్పి పంపక, మాంసానికే పెంచి 18 వారాలకు అమ్మింది. అప్పుడు ఒక్కొక్కటి ఒక కిలోకు కొంచెం అటూ ఇటూ. గుడ్ల లెక్కతో పనిలేని కోడి పెంపకం అక్కడ వ్యాపారమయింది. తరువాత ఆ దేశంలోనే "రేపటి కోడి" అని పోటీ పెట్టారు. దేశం నలుమూలలనుంచి తెచ్చిన గుడ్లను ఒకేచోట పొదిగించి, ఒకే మేత పెట్టి, పన్నెండు వారాలు నిండగానే కోసి తూచారు. 1948లో గెలిచినది కాలిఫోర్నియాకు చెందిన వాంట్రెస్ పెంచిన సంకరజాతి. దాని తండ్రి జాతి కార్నిష్. ఆ కార్నిష్ ఎవరనుకొన్నారు? పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయులు మన దేశపు అసీల్ పుంజులను కొనిపోయి కార్న్‌వాల్ ప్రాంతంలో తయారుచేసిన జాతి! అసీల్ పుట్టినిళ్ళలో మన ఆంధ్రదేశం ఒకటి. సంక్రాంతి బరిలో దూకే పుంజు రొమ్ముకండే, సముద్రాలు దాటి, బ్రాయిలరు రూపంలో మన దుకాణాలకు తిరిగివచ్చింది.

ఆ తరువాతి వేగం ఎంతటిదో కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంవారు తూచి చూపారు. 1957 నాటి జాతిని, 1978 నాటిదాన్ని, 2005 నాటిదాన్ని ఒకే మేతతో పెంచగా, 56 రోజులకు వాటి బరువులు వరుసగా 905, 1808, 4202 గ్రాములు. మేత ఒకటే కనుక ఈ తేడా అంతా వంశానిదే. నేడు బ్రాయిలరును ఆరు వారాలకు అటూ ఇటూగా కోస్తారు. అప్పటికి కొల్లాజెన్ బంధాలు ముదరవు. అందుకే అరగంటలో ఉడుకుతుంది, మన పెద్దలకు రుచి చాలదు.

ఈ బ్రాయిలర్లకు కూడా తల్లిదండ్రులు కావాలి గదా! గుడ్లు పెట్టే ఆ కోళ్ళు ఏడాదికి పైగా బ్రతకాలి. కడుపునిండా మేత పెడితే అవి విపరీతంగా బలిసి, కాళ్ళు నిలవక, గుడ్లు తగ్గి, త్వరగా చస్తాయి. అందుచేత వాటికి ప్రతిదినం మేత తూచి, ఆకలి తీరకుండానే పెడతారు.