పాచి చాటున క్రిములు

హాలండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ ప్రతి ఉదయమును ఉప్పుతో పండ్లు తోముకొనెడివాడు. అయినను పండ్ల సందున కొంత తెల్లని పాచి మిగిలెడిది. 1683లో ఆయన దానిని నీటిలో కలిపి తన భూతద్దమున చూడగా, లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవులు ఈదులాడుచు కనిపించినవి. ఆ వింతను లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. ఇంతవరకు శ్రోతలలో పలువురు ఎరిగినదే. మాకు అంతకంటె విలువైనదిగా తోచునది ఆ తరువాతి ముచ్చట. ఘాటైన ద్రాక్ష సిర్కాతో పుక్కిలించి ఆయన మరల పరీక్షించెను. పండ్ల సందులలో జీవులు చావలేదు. అదే సిర్కాను బయట వానితో కలుపగనే చచ్చినవి. సిర్కా పాచి పైపొరను దాటి లోనికి పోలేదని ఆయన నిర్ణయించెను.

మొండి నోటివ్యాధుల చిక్కంతయు ఇదియే. క్రిములు తామే అల్లుకొన్న జిగట పొరలో గుంపుగా కాపురముండును. దానిని నేటి శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అందురు. చంపగల మందు ఉండుట వేరు, అది లోనికి చేరుట వేరు.

మందును మోసికొనిపోవు వాహనము దంతవైద్యులకు ఇతరుల వలన లభించెను. 1960 దశకమున కేంబ్రిడ్జి చెంత బాబ్రహాములో ఆలెక్ బాంగమ్, కొన్ని కొవ్వు పదార్థములు నీటిలో తమంత తామే బుడగలగుటను కనుగొనెను. ఇవియే లైపోజోములు. అంతకు ముందటి దశకమున లభించిన ఆంఫోటెరిసిన్-బి బూజుజాతి రోగములకు గట్టి మందే గాని, మూత్రపిండములను చెరచెడిది. మిల్లీమీటరులో పదివేలవ వంతుకంటె చిన్నవైన బుడగలలో దానిని ఇమిడ్చిన మందు 1990 దశకమున వాడుకలోనికి వచ్చెను; ఆ చెరుపు చాల తగ్గెను.

దాని విలువ 2021లో మనకు తెలిసివచ్చెను. కోవిడు వెంట వచ్చిన నల్ల ఫంగసు అంగిలిని, పైదవడను తొలిచివేసెను. హైదరాబాదు కోఠీలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఆ రోగులకు ప్రత్యేక కేంద్రమయ్యెను. బుడగల మందునకు దేశమంతట కరవు. దానికొరకు రోగుల బంధువులు అంగడి అంగడికి తిరిగిరి. పలువురికి దవడ ఎముకను కోసివేయవలసివచ్చెను. ఇక్కడ మందునకు అడ్డుపడినది పాచి కాదు.

ఇక పాచి మాట. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున హ్యూన్ కూ బృందము 2018లో ఒక పరిశోధన ప్రకటించెను. రక్తహీనతకు సూదిమందుగా ఇచ్చు ఫెరుమాక్సిటాల్ అను సూక్ష్మమైన ఇనుప రేణువులు పాచిలోనికి చొచ్చి, హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి పొరను చీల్చి క్రిములను చంపినవి. పంటిని తినివేయు ఆ పులుపే రేణువులకు బలమిచ్చుట చమత్కారము! ఎలుకల నోళ్లలో పిప్పిపండ్లు తగ్గినవి. చిగుళ్లకు హాని కనబడలేదు.