మాట ఒక దారి, బాణీ ఒక దారి: కోల్‌కతాలో క్రిస్మస్ గీతాల చరిత్ర

యేసు జననాన్ని కీర్తిస్తూ క్రిస్మస్ రోజుల్లో పాడే ప్రజాగీతాలను క్యారల్స్ అంటారు. మధ్యయుగపు ఐరోపాలో ఇవి చర్చి పీఠం ముందు పుట్టినవి కావు. జనం చేతులు పట్టుకుని వలయంగా తిరుగుతూ ఆడిపాడిన పాటలనుంచి వచ్చినవి. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు పల్లవి అందుకోవడం వీటి తొలి నిర్మాణం. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ పశువుల తొట్టి దృశ్యాన్ని ఏర్పాటు చేసి క్రీస్తు జనన కథను సామాన్యుల కళ్లముందు నిలిపిన తరువాత, అతని అనుచరులైన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ప్రజల భాషల్లో ఇటువంటి పాటలను ప్రోత్సహించారు. ఇంగ్లండులో 1521లో వింకిన్ డి వర్డ్ క్యారల్స్‌ను అచ్చువేశాడు గాని, ప్యూరిటన్ల ప్రాబల్యంలో ఉన్న పార్లమెంటు 1647లో క్రిస్మస్ పండుగనే నిషేధించింది. రాచరికం తిరిగివచ్చి నిషేధం తొలగినా ఈ పాటలు చాలాకాలం పల్లెల్లోనే మిగిలాయి. 1822లో డేవిస్ గిల్బర్ట్, 1833లో విలియం శాండిస్ వెలువరించిన సంకలనాలతోనే నగరవాసులు వీటిని మళ్లీ పట్టించుకున్నారు.

ఈ పునరుద్ధరణలో గమనించవలసిన విశేషం ఒకటుంది. ప్రాచీనమని నేడు భావించే క్యారల్స్‌లో అనేకం, ఒకచోట పుట్టిన మాటలకు మరొకచోట పుట్టిన బాణీని అతికించగా రూపొందినవే. చార్లెస్ వెస్లీ 1739లో ప్రచురించిన ‘హార్క్ ద హెరాల్డ్’ గీతానికి నేటి బాణీ, ముద్రణ కళ నాలుగువందల ఏళ్ల ఉత్సవం కోసం 1840లో మెండెల్‌సన్ కూర్చిన బృందగానం నుంచి వచ్చింది. ఆ స్వరాలు భక్తిగీతానికి నప్పవని మెండెల్‌సన్ అభిప్రాయపడినా, విలియం కమింగ్స్ 1855లో రెంటినీ జతచేశాడు. ‘గుడ్ కింగ్ వెన్సెస్లాస్’ కోసం 1853లో జాన్ మేసన్ నీల్ వాడుకున్నది 1582 నాటి లాటిన్ సంకలనంలోని వసంతగీతపు బాణీ. మాటా బాణీ విడిపోగలగడం క్యారల్ స్వభావంలోనే ఉంది. కోల్‌కతాలో ఈ గీతాల చరిత్ర ఆ స్వభావానికి అత్యంత స్పష్టమైన నిదర్శనం.

1690లో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జాబ్ చార్నాక్, తరువాత కోల్‌కతా నగరంలో భాగమైన సుతానుటి గ్రామంలో స్థిరపడేనాటికి ఇంగ్లండు చర్చిలో క్యారల్ ప్రభావం అంతంత మాత్రమే కాబట్టి, తొలి ఆంగ్లేయులు ఇక్కడికి తెచ్చిన క్రిస్మస్‌లో పాటకంటే విందుకే పెద్దపీట. 1781 జనవరిలో ఎలైజా ఫే అనే ఆంగ్ల మహిళ ఇక్కడినుంచి రాసిన లేఖ ప్రకారం, పండుగకు దొరల ఇళ్ల వాకిళ్లకు ఇరువైపులా అరటిచెట్లు నిలిపి, స్తంభాలకు పూలదండలు చుట్టేవారు. వారి వ్యాపార వ్యవహారాలు చూసే స్థానిక బనియాలు చేపలు, పండ్లు కానుకగా పంపేవారు. అయితే నగరంలో క్రైస్తవమంటే ఆంగ్లేయులది మాత్రమే కాదు. 1724లో కట్టిన నజరేతు చర్చిలో ఆర్మీనియన్లు తమ ప్రాచీన స్తోత్రాలతో జనవరి 6న క్రీస్తు జననోత్సవం జరుపుకొనేవారు. ఆ తేదీ నేటికీ మారలేదు. పోర్చుగీసు సంతతివారికి ముర్గీహాటాలో తమ కేథలిక్ ప్రార్థనాలయం ఉండేది.

ఆంగ్లికన్ ఆరాధనలో ఆనాడు ఛందోబద్ధం చేసిన దావీదు కీర్తనలదే ప్రధాన స్థానం. కొత్తగా రాసిన స్తుతిగీతాలను పెద్దలు అనుమానంతో చూసేవారు. ఆ కట్టుబాటును సడలించడానికి పాటుపడినవారిలో ముఖ్యుడైన రెజినాల్డ్ హీబర్ 1823లో కలకత్తా బిషప్‌గా రావడం ఈ నగర సంగీత చరిత్రలో ఒక మలుపు. క్రీస్తును దర్శించవచ్చిన జ్ఞానుల కథపై ఆయన రాసిన ‘బ్రైటెస్ట్ అండ్ బెస్ట్’ 1811లోనే వెలువడింది. సంవత్సరం పొడవునా వచ్చే పర్వదినాలకు తగిన గీతాలను కూర్చిన ఆయన సంకలనం మాత్రం, 1826లో తిరుచిరాపల్లిలో ఆయన మరణించిన తరువాత 1827లో అచ్చయింది. 1847లో ప్రతిష్ఠించిన సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో హీబర్ శిల్పం ఉంది. ఇంగ్లండుకు చెందిన విల్లిస్ సంస్థ నిర్మించిన పైపు ఆర్గన్ కూడా అక్కడే ఉంది. గాలిని వందలాది గొట్టాలగుండా పంపి పలికించే ఈ వాద్యం, సభలోని వారంతా ఒకే శ్రుతిలో పాడేందుకు ఆధారమై, విక్టోరియా కాలపు క్యారల్‌కు గంభీరమైన నేపథ్యాన్ని ఇచ్చింది.

ఇక్కడినుంచి మాట ఒక దారి పట్టింది. హుగ్లీ తీరాన డేనిష్ పాలనలో ఉన్న శ్రీరాంపూర్‌లో 1800లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ కలిసి మిషన్ స్థాపించారు. అక్కడ అదే సంవత్సరం డిసెంబరు 28న బాప్తిస్మం పొందిన వడ్రంగి కృష్ణపాల్ బెంగాలీలో భక్తిగీతాలు రచించాడు. వాటిలో ఒకటి మార్ష్‌మన్ అనువాదంతో ఆంగ్ల స్తుతిగీతాల పుస్తకాలకు ఎక్కింది. అది క్రిస్మస్ పాట కాకపోయినా, బెంగాలీ విశ్వాసి తన భాషలో రాయడానికి దారి చూపింది. వంగదేశంలో అప్పటికే వైష్ణవ భక్తుడు చైతన్యుని కాలంనుంచి కీర్తన సంప్రదాయం, అంటే వీథుల్లో గుంపుగా నడుస్తూ ఖోల్ అనే మట్టి మృదంగంతో, కర్తాళాలతో పాడే పద్ధతి, వేళ్లూనుకుని ఉంది. బెంగాలీ క్రైస్తవులు ఆ మట్టులోనే యేసు జననాన్ని పాడుకున్నారు. బెంగాలీలు ‘బడోదిన్’ అని పిలిచే ఈ పండుగలో ఖోల్ మోగడం విదేశీ ఆచారానికి స్థానిక అలంకారంలా కాక, వినేవారికి చిరపరిచితమైన భక్తిగానంలాగానే తోచింది. 1875లో స్థాపితమైన కలకత్తా వాద్యాల సంస్థ ద్వార్‌కిన్ అధిపతి ద్వారకానాథ్ ఘోష్, పాశ్చాత్యుల కాలితొక్కుడు హార్మోనియాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ వాయించే పెట్టెగా మలచి ప్రచారంలోకి తేవడంతో, ఆర్గన్ కొనలేని చిన్న సంఘాలకూ ఊరేగే బృందాలకూ చేతికందే వాద్యం దొరికింది.

ఈ దారి చర్చి గోడల దగ్గర ఆగలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1910 డిసెంబరు 25న శాంతినికేతన్‌లో క్రీస్తును స్మరిస్తూ ఉపాసన నిర్వహించాడు. ‘ఖ్రిస్తోత్సవ్’ పేరిట అది ఆ ఆశ్రమ సంప్రదాయమైంది. 1939లో, ప్రపంచయుద్ధం మొదలైన కొద్ది నెలలకు, క్రీస్తును నాడు హింసించినవారే నేడు మళ్లీ పుట్టారనే భావంతో ఆయన ఒక క్రిస్మస్ గీతం రచించాడు. పశువుల తొట్టిని, నక్షత్రాన్ని పక్కనపెట్టి వర్తమాన హింసను నిలదీసిన ఈ గీతంలో క్యారల్ పూర్తిగా వంగభాషా సాహిత్యమైపోయింది.

బాణీ మరో దారిలో, మాటలను వదిలిపెట్టి ప్రయాణించింది. సైనికదళాల బ్యాండ్ల ద్వారా ఇత్తడి వాద్యాలు నగరానికి అలవాటయ్యాయి. ఫిలిప్ సాండ్రే 1915లో నెలకొల్పిన కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్ పాశ్చాత్య వాద్యాలలో క్రమబద్ధమైన శిక్షణకు పునాది వేసింది. 1880లో ఆరంభమైన ఆక్స్‌ఫర్డ్ మిషన్‌కు చెందిన ఫాదర్ మాథీసన్, బెహాలాలో పేద కుటుంబాల బాలురకు వయొలిన్, చెల్లో నేర్పాడు. ఆంగ్లో ఇండియన్లు, గోవా సంగీతకారులు వాయించిన పార్క్ స్ట్రీట్ హోటళ్లలో డిసెంబరు సంగీతం నృత్యపు లయలను సంతరించుకుంది. 2011నుంచి రాష్ట్ర ప్రభుత్వ ప్రోత్సాహంతో అదే వీథిలోని ఆలెన్ పార్క్ కేంద్రంగా జరుగుతున్న క్రిస్మస్ ఉత్సవానికి వచ్చేవారిలో అత్యధికులు క్రైస్తవేతరులు. క్యారల్ మాటలు తెలియకపోయినా వారు బాణీలను గుర్తుపట్టగలరు.

ఇలా మాటలు లేకుండా క్యారల్‌ను వాద్యంపై పలికించడం ఆధునికుల కల్పన కాదు. బాఖ్ తన చివరి దశలో ఒక జర్మన్ క్రిస్మస్ గీతంపై ఆర్గన్ కోసం స్వరవిస్తారాలు రాశాడు. ఫ్రాన్సులో దాకాన్ జనపదాల క్రిస్మస్ పాటలను ఆర్గన్‌పైకి ఎక్కించాడు. 20వ శతాబ్దంలో లెరాయ్ ఆండర్సన్ 1950 నాటి ‘ఎ క్రిస్మస్ ఫెస్టివల్’లో పలు క్యారల్స్‌ను ఆర్కెస్ట్రా కోసం ఒకే దండగా గుచ్చగా, మ్యాన్‌హైమ్ స్టీమ్‌రోలర్ బృందం 1984లో సింథసైజర్లను, ప్రాచీన వాద్యాలను కలిపి వినిపించింది. ఇటువంటి కూర్పులో బాణీ మారదు. దాని చుట్టూ ఉన్నదే మారుతుంది. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు గాత్రాలు ఏకకాలంలో వేర్వేరు స్వరాలు పలికే హార్మొనీని వాద్యాలకు పంచుతారు. మూల బాణీని చెల్లోకిచ్చి, దానిపై వయొలిన్లతో కొత్త వరుస అల్లుతారు.

భారతీయ వాద్యాలకు వచ్చేసరికి సమస్య వేరు. ‘జాయ్ టు ద వరల్డ్’ మొదటి పాదం తారస్థాయి షడ్జంనుంచి మధ్యస్థాయి షడ్జందాకా ఏడు స్వరాలనూ వరుసగా దిగుతుంది. అది హిందుస్తానీలో బిలావల్ మేళానికి, కర్ణాటక సంగీతంలో ధీరశంకరాభరణానికి సరిపోయే అవరోహణ. ‘గాడ్ రెస్ట్ యు మెరీ’ స్వరాలు నఠభైరవిని తలపిస్తాయి. 1818లో ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డోర్ఫ్‌లో గిటారు తోడుగా తొలిసారి పాడిన ‘సైలెంట్ నైట్’ నడక ఆరు మాత్రల దాద్రా తాళంలో తేలికగా ఒదుగుతుంది. అయితే సితార్‌పై ఆ స్వరాలకు మీండ్ జోడిస్తే, అంటే ఒక స్వరంనుంచి మరో స్వరానికి జారుగా పోతే, అడుగున హార్మొనీ నిలవడం కష్టం. హార్మొనీని కాపాడితే గమకాన్ని తగ్గించుకోవాలి. కూర్చేవారి నైపుణ్యమంతా ఈ ఎంపికలోనే తెలుస్తుంది.

తెలుగువారికి ఈ రెండు దారులూ కొత్తవి కావు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం రాసి నొట్టుస్వరాలను అందించాడు. క్యారల్ బాణీని సితార్‌పై పలికించే కళాకారుడు ఎదురుదిశనుంచి అదే వంతెన దాటుతున్నాడు. కేరీ 1814లో తెలుగు వ్యాకరణాన్ని, 1818లో తెలుగు కొత్త నిబంధనను వెలువరించిందీ శ్రీరాంపూర్‌నుంచే. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగతాళాల్లో కీర్తనలు రచించి తెలుగు క్రైస్తవ గానానికి ఒరవడి పెట్టాడు. నేటికీ తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కొన్ని పాటలపై రాగతాళాల పేర్లు, కొన్నింటిపై ఆంగ్ల బాణీ పేర్లు పక్కపక్కనే కనబడతాయి.

కాబట్టి కోల్‌కతా క్యారల్స్‌ను వలసపాలన మిగిల్చిన వస్తువుగా మాత్రమే చూస్తే సగం చరిత్రే తెలుస్తుంది. మాటల దారి విశ్వాసాన్ని స్థానిక భాషలో నాటింది. బాణీల దారి విశ్వాసంతో నిమిత్తం లేనివారిని సైతం పండుగలోకి రప్పించింది. మొదటిది లేకపోతే క్యారల్ పార్క్ స్ట్రీట్ వినోదంగా మిగిలేది, రెండవది లేకపోతే కొద్దిమంది ప్రార్థనగానే ఉండేది. అది నగరానికంతటికీ చెందిన పాట కావడానికి రెండూ అవసరమయ్యాయి.