అటావిజం: జీవశాస్త్రంలో ఒక అర్థం, మార్మిక సాధనలో మరొకటి

ఒక జాతిలో ఎప్పుడో కనుమరుగైన పూర్వజుల లక్షణం ఏదో ఒక ప్రాణిలో మళ్లీ బయటపడటాన్ని అటావిజం అంటారు. లాటిన్‌లో ‘అటావస్’ అంటే పూర్వీకుడు. అవశేషావయవాలు వేరు. మనిషి వెన్ను చివరి అనుత్రికం అందరిలోనూ ఉంటుంది. అటావిజం ఎక్కడో ఒకరిలో కనిపిస్తుంది.

1919లో కెనడాలోని వాంకూవర్ దీవి దగ్గర పట్టుబడిన ఒక హంప్‌బ్యాక్ తిమింగలానికి మీటరుకు పైగా పొడవున్న వెనుక కాళ్లు ఉన్నాయి. తిమింగలాల పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్లతో తిరిగినవే. 2006లో ఒక ఉత్పరివర్తనం ఉన్న కోడి పిండాల్లో మొసలి పళ్లను పోలిన మొలకలను పరిశోధకులు గుర్తించారు. అవయవం పోయినా దాన్ని నిర్మించే జన్యువులన్నీ పోవు. చాలావరకు వేరే పనులు చేస్తూ మిగిలే ఉంటాయి. పిండదశలో వాటి నియంత్రణ తప్పితే పాత నిర్మాణం తిరిగి మొదలవుతుంది. ఇందులో పూర్వీకుల జ్ఞాపకం గానీ శక్తి గానీ లేవు.

మార్మికులు మాత్రం శక్తినే వెతికారు. లండన్ చిత్రకారుడు ఆస్టిన్ ఉస్మాన్ స్పేర్ (1886–1956) మనిషి ఉపచేతనలో జంతుదశ దాకా గత జన్మల పొరలన్నీ నిలిచి ఉంటాయని నమ్మాడు. కోరికను అక్షరాలుగా రాసి, వాటిని కలిపి ‘సిజిల్’ అనే గుర్తుగా మార్చి, ఆ కోరికను మరచిపోతే ఆ పొరల శక్తి మేల్కొంటుందన్నాడు. 1913లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ ప్లెజర్’లో ఈ పద్ధతిని వివరించాడు. శిష్యుడు కెన్నెత్ గ్రాంట్ దాన్ని ‘అటావిస్టిక్ రిసర్జెన్స్’ పేరుతో ప్రచారం చేశాడు. కళగా దానికి విలువ ఉండొచ్చు. జన్యుశాస్త్రంలో ఆధారం లేదు.

ఈ భావనకు చీకటి కోణమూ ఉంది. ఇటలీ వైద్యుడు చెజారే లొంబ్రోజో 1876లో, పుట్టు నేరస్థులు ఆదిమ దశకు మళ్లినవారని, ముఖకవళికలను బట్టి వారిని పోల్చుకోవచ్చని వాదించాడు. ఆ వాదన తర్వాత వీగిపోయింది.

మన దేశంలో తోక లాంటి పెరుగుదలతో పుట్టిన బిడ్డను హనుమంతుడి అంశగా కొలిచిన ఉదంతాలున్నాయి. మానవ పిండానికి తొలి వారాల్లో తోక ఉండి, ఎనిమిదో వారానికల్లా కరిగిపోతుంది. అయితే పుట్టాక కనిపించే ‘తోకలు’ అన్నీ అటావిజం కావు. కొన్ని కొవ్వు గడ్డలు. కొన్నింటి వెనుక వెన్నుపాము లోపం దాగి ఉంటుంది. అందుకే అలాంటి బిడ్డకు ముందు కావలసింది పూజ కాదు, వెన్నుకు ఎంఆర్ఐ పరీక్ష.